ఎస్‌డీబీ, ఎస్‌డీసీ పేర్లను నమ్మి మౌంట్ చేయొద్దు: డిస్కును దాని సొంత గుర్తింపుతో పట్టుకోవడం

తమ్ముడూ, నీ ప్రశ్న రెండుసార్లు చదివాను. నాకు అర్థమైంది ఇది. కడపలో ఫొటో స్టూడియో. లినక్స్ మెషిన్‌లో సిస్టమ్ కోసం ఒక ఎస్‌ఎస్‌డీ, పక్కన రెండు 4 టీబీ హార్డ్ డిస్కులు. ఒకదాంట్లో పెళ్లిళ్ల ఫొటోలు, వీడియోలు, రెండోది బ్యాకప్. మధ్యాహ్నం కరెంటు పోయి వచ్చింది, మెషిన్ మళ్లీ లేచింది. రాత్రి క్రాన్‌లో (టైము ప్రకారం పనులను తనంతట తానే నడిపేది) ఉన్న ఆర్‌సింక్ (ఒక ఫోల్డరులో ఉన్నదాన్ని ఇంకో చోటికి కాపీ చేసే కమాండ్) ఎప్పట్లాగే నడిచింది. తెల్లారి చూస్తే ముందురోజు దింపిన ముహూర్తం షూట్ రెండు డిస్కుల్లోనూ లేదు. ఎఫ్‌ఎస్‌ట్యాబ్ (ఏ డిస్కును ఏ ఫోల్డరుకు తగిలించాలో, అంటే మౌంట్ చేయాలో, రాసి ఉండే ఫైలు) చూస్తే ఎస్‌డీబీ1, ఎస్‌డీసీ1 అని ఉన్నాయి. యూయూఐడీతో (డిస్కులోనే రాసి ఉండే గుర్తింపు నంబరు) డిస్కును ఎలా వెతకాలి, దానికీ పార్ట్‌యూయూఐడీకీ తేడా ఏంటి, కొత్త డిస్కు కొని డీడీతో (బైటుకు బైటు కాపీ చేసే కమాండ్) క్లోన్ కొట్టొచ్చా అని అడిగావు.

అన్నిటికంటే ముందు క్రాన్‌లో ఆ లైను ముందు హాష్ (#) పెట్టి ఆపెయ్. రెండు డిస్కులూ అన్‌మౌంట్ చెయ్. కెమెరా కార్డులు ఇంకా ఫార్మాట్ కొట్టలేదేమో చూడు. కొట్టకపోతే నీ షూట్ అక్కడే ఉంది, టెన్షన్ సగం తీరినట్టే. కొట్టేసి ఉంటే, ఫైళ్లు చెరిగిపోయింది ఏ డిస్కులోనో సరిగ్గా తెలుసుకోవాలి. పేర్లు తారుమారు కావడంతో నీ స్క్రిప్టు పాత బ్యాకప్‌ను అసలు అనుకుంది, అసలు డిస్కును బ్యాకప్ అనుకుంది. ముందురోజు షూట్ పాత బ్యాకప్‌లో ఎలాగూ లేదు. ఆర్‌సింక్‌కు డిలీట్ ఆప్షన్ ఇచ్చావు కాబట్టి, "ఇక్కడ లేనిది అక్కడ ఎందుకు" అని అసలు డిస్కులో ఉన్నవాటిని తీసేసింది. అంటే రికవరీ చేయాల్సింది అసలు డిస్కులో. దాని మీద ఇక ఒక్క బైటు కూడా రాయొద్దు. ఫొటోరెక్ లాంటి టూల్‌తో మూడో డిస్కులోకి తీయాలి. అది వేరే పెద్ద విషయం, ఇక్కడితో ఆపి నీ అసలు ప్రశ్నకు వస్తాను.

కమాండ్లను పలికే తీరులోనే తెలుగులో రాస్తున్నాను. టైప్ చేసేటప్పుడు ఇంగ్లిషు అక్షరాలతో కొట్టు. పెద్దక్షరం అవసరమైన చోట విడిగా చెబుతాను.

ఎస్‌డీఏ, ఎస్‌డీబీ, ఎస్‌డీసీ అనేవి డిస్కుల పేర్లు కావు, అవి వచ్చిన వరస. కర్నెల్ (లినక్స్‌కు గుండెకాయ లాంటి ప్రోగ్రాం) లేచేటప్పుడు ఏ డిస్కు ముందు కనబడితే దానికి ముందు అక్షరం. ఆర్టీసీ బస్టాండులో "ఐదో ప్లాట్‌ఫారం మీద ఉన్న బస్సు" అన్నట్టు. నిన్న ఐదో ప్లాట్‌ఫారం మీద కర్నూలు బస్సు ఉంది కదా అని ఇవాళ కూడా బోర్డు చూడకుండా ఎక్కితే పులివెందులలో దిగాల్సి రావచ్చు. కరెంటు కోత తర్వాత ఒక డిస్కు తిరగడానికి ఒక్క క్షణం ఎక్కువ తీసుకున్నా, ఎస్‌ఏటీఏ కేబుల్ వేరే పోర్టులో గుచ్చినా, యూఎస్‌బీ డిస్కు తగిలించి ఉంచి రీబూట్ చేసినా వరస మారొచ్చు. కొత్త కర్నెళ్లు డిస్కులను ఒకదాని తర్వాత ఒకటిగా కాకుండా ఒకేసారి పలకరిస్తాయి కాబట్టి, హార్డ్‌వేర్‌లో ఏ మార్పూ లేకుండానే పేర్లు అటూ ఇటూ కావచ్చు. నీ మెషిన్‌లో ఇన్నాళ్లూ తారుమారు కాలేదంటే అది అదృష్టం.

ఇప్పుడు నీ డిస్కులు తమ గురించి తాము ఏం చెప్పుకుంటున్నాయో చూద్దాం. ఇది కొట్టు:

ఎల్‌ఎస్‌బీఎల్‌కే -ఓ నేమ్,సైజ్,ఎఫ్‌ఎస్‌టైప్,లేబుల్,యూయూఐడీ,పార్ట్‌యూయూఐడీ,మౌంట్‌పాయింట్

రూట్ (అడ్మిన్ అధికారం) అక్కర్లేదు, డిస్కు మీద ఏమీ రాయదు, ఎన్నిసార్లు కొట్టినా భయం లేదు. తొందరలో ఉంటే ఎల్‌ఎస్‌బీఎల్‌కే -ఎఫ్ చాలు, కానీ అందులో పార్ట్‌యూయూఐడీ రాదు. మోడల్, సీరియల్ అనే రెండు కాలమ్‌లు కూడా కలుపుకుంటే డిస్కు మీద అతికించిన స్టిక్కర్‌తో పోల్చి చూసుకోవచ్చు. 4 టీబీ డిస్కులు రెండూ ఒకే కంపెనీవి, ఒకే మోడల్‌వి అయితే సైజ్ చూసి తేడా తెలియదు. అప్పుడు సీరియల్ నంబరే దారి.

వచ్చిన దాంట్లో యూయూఐడీ, పార్ట్‌యూయూఐడీ రెండూ దాదాపు ఒకేలా ఉంటాయి. 8, 4, 4, 4, 12 అక్షరాల గుంపులు, మధ్యలో హైఫన్లు, మొత్తం 36. చాలామంది ఇక్కడే ఒకటి తీసి ఇంకోదాని చోట పెడతారు. రెండూ పూర్తిగా వేరు. నిదానంగా చెబుతాను, ఎందుకంటే మిగతాదంతా దీని మీదే నిలబడి ఉంది.

ఒక స్థలం, దాని మీద ఒక ఇల్లు అనుకో. స్థలానికి సర్వే నంబరు ఉంటుంది. ఇంటికి డోర్ నంబరు ఉంటుంది. ఇంటి గోడ మీద యజమాని రాయించుకున్న పేరు కూడా ఉంటుంది. పార్టిషన్ (డిస్కులో గీసుకున్న భాగం) అంటే స్థలం, ఫైల్‌సిస్టమ్ (అందులో ఫైళ్లను అమర్చే ఏర్పాటు) అంటే దాని మీద కట్టిన ఇల్లు. పార్ట్‌యూయూఐడీ స్థలం సర్వే నంబరు. యూయూఐడీ ఇంటి డోర్ నంబరు. లేబుల్ అంటే గోడ మీద రాయించుకున్న పేరు. పార్ట్‌లేబుల్ అని ఇంకోటి ఉంది, అది స్థలానికి పెట్టుకున్న పేరు.

ఇల్లు పడగొట్టి మళ్లీ కడితే కొత్త డోర్ నంబరు వస్తుంది, సర్వే నంబరు మారదు. అట్లాగే ఎంకేఎఫ్‌ఎస్‌తో ఫార్మాట్ కొడితే యూయూఐడీ మారుతుంది, పార్ట్‌యూయూఐడీ అట్లాగే ఉంటుంది. మన ఊళ్లల్లో రీసర్వే జరిగినప్పుడు పాత సర్వే నంబర్ల చోట ఎల్‌పీఎం నంబర్లు వచ్చాయి గానీ ఇళ్లు ఎక్కడివక్కడే ఉన్నాయి కదా. పార్టిషన్ టేబుల్ (ఏ పార్టిషన్ ఎక్కడుందో డిస్కులో రాసి ఉండే పట్టిక) చెరిపి, అవే హద్దులతో మళ్లీ రాసినా అంతే. పార్ట్‌యూయూఐడీ కొత్తది వస్తుంది, లోపలి ఫైల్‌సిస్టమ్ చెక్కు చెదరదు, యూయూఐడీ పాతదే ఉంటుంది. "ఎఫ్‌ఎస్‌ట్యాబ్‌లో ఏది రాయాలి" అన్న దానికి జవాబు ఇందులోనే ఉంది. నీకు కావాల్సింది ఆ ఇంట్లో ఉన్న సామాను కాబట్టి యూయూఐడీ రాయి. పార్ట్‌యూయూఐడీ రాస్తే, రేపు ఎవరైనా ఆ పార్టిషన్‌ను పొరపాటున ఫార్మాట్ చేసినా మెషిన్ నోరు మూసుకుని ఖాళీ ఇంటినే తెచ్చి మౌంట్ చేస్తుంది. యూయూఐడీ రాస్తే "అది దొరకలేదు" అని ఆగుతుంది. డేటా డిస్కు విషయంలో ఆగడమే మంచిది.

పార్ట్‌యూయూఐడీ అక్కరకొచ్చే చోటు ఒకటుంది. ఇనిట్‌ర్యామ్‌ఎఫ్‌ఎస్ (బూట్ మొదట్లో మెమరీలోకి వచ్చే చిన్న సహాయక సిస్టమ్) లేకుండా బూట్ చేసే చిన్న బోర్డుల్లో రూట్ (ఇక్కడ సిస్టమ్ ఉండే పార్టిషన్ అని అర్థం) ఎక్కడుందో కర్నెల్‌కు నేరుగా చెప్పాలంటే యూయూఐడీ పనికిరాదు. కర్నెల్ ఆ దశలో పార్టిషన్ టేబుల్ చదవగలదు గానీ, ప్రతి ఫైల్‌సిస్టమ్ లోపలికీ తొంగిచూసి దాని నంబరు వెతకదు. అక్కడ పార్ట్‌యూయూఐడీ ఇవ్వాలి. నీ స్టూడియో మెషిన్‌కు ఆ అవసరం రాదు.

పాత ఎంబీఆర్ (పాత రకం పార్టిషన్ టేబుల్) డిస్కులు తగిలితే పార్ట్‌యూయూఐడీ పొట్టిగా ఉంటుంది. ఎనిమిది అక్షరాలు, హైఫన్, తర్వాత 01 లేదా 02. మొదటి ఎనిమిదీ డిస్కు మొత్తానికి ఉన్న సంతకం, చివరిది పార్టిషన్ నంబరు. సర్వే నంబరు 214లో 3వ సబ్ డివిజన్ అని రాసినట్టే. నీవి 4 టీబీ డిస్కులు, మామూలు సెక్టార్లతో ఎంబీఆర్ 2 టీబీ దాటి పోలేదు, కాబట్టి అవి జీపీటీ (కొత్త రకం పార్టిషన్ టేబుల్) అయి ఉండాలి. అందుకే నీకు పొడుగాటివి కనబడుతున్నాయి.

కార్డుల సంగతీ ఇక్కడే చెప్పేస్తాను. కెమెరా మెమరీ కార్డులో ఉండేది ఫ్యాట్32 లేదా ఎక్స్‌ఫ్యాట్. వాటికి 36 అక్షరాల యూయూఐడీ ఉండదు. నాలుగు, హైఫన్, నాలుగు అంతే. అది నిజానికి ఫార్మాట్ చేసినప్పుడు పడే వాల్యూమ్ సీరియల్ నంబరు. కెమెరాలో ఫార్మాట్ కొట్టినప్పుడల్లా అది మారిపోవచ్చు. కాబట్టి కార్డులను యూయూఐడీతో పట్టుకునే స్క్రిప్టు రాయొద్దు, వారం తిరగకుండా పనికిరాకుండా పోవచ్చు. ఎన్‌టీఎఫ్‌ఎస్ అయితే హైఫన్ లేకుండా 16 అక్షరాలు. కస్టమర్ తెచ్చిన డిస్కు తగిలించినప్పుడు నంబరు ఆకారం చూసే అది ఏ రకమో పోల్చుకోవచ్చు.

ఈ యూయూఐడీ ఎక్కడుంటుందో ఒక్కసారి కళ్లారా చూస్తే ఇక జన్మలో మరిచిపోవు. నీ డిస్కు ఈఎక్స్‌టీ4 (లినక్స్‌లో మామూలుగా వాడే ఫైల్‌సిస్టమ్) అయితే, రూట్‌గా ఇది కొట్టు:

హెక్స్‌డంప్ -సీ -ఎస్ 1128 -ఎన్ 16 /డెవ్/ఎస్‌డీబీ1

ఇందులో సీ మాత్రం పెద్దక్షరం. ఈఎక్స్‌టీ4లో మొదటి 1024 బైట్లు వదిలేసి అక్కడి నుంచి సూపర్‌బ్లాక్ (ఫైల్‌సిస్టమ్ తన వివరాలు రాసుకునే చోటు) మొదలవుతుంది. అందులో 104 బైట్లు లోపలికి వెళ్తే యూయూఐడీ. 1024, 104 కలిపితే 1128. తెర మీద వచ్చే 16 బైట్లను ఎల్‌ఎస్‌బీఎల్‌కే చూపించిన యూయూఐడీతో పోల్చి చూడు, హైఫన్లు తీసేస్తే అక్షరం అక్షరం కలుస్తుంది. దాని వెనకే, 1144 దగ్గర, లేబుల్‌కు ఇంకో 16 బైట్లు. నంబరు డిస్కు లోపల, డేటా పక్కనే రాసి ఉంది. కేబుల్ మార్చినా, ఇంకో మెషిన్‌కు పెట్టినా, యూఎస్‌బీ డాక్‌లో పెట్టినా దానితో పాటే వస్తుంది. డీడీతో క్లోన్ చేస్తే ఏమవుతుందో కూడా ఇందులోంచే అర్థమవుతుంది, కిందకు వచ్చాక చెబుతాను.

లేబుల్‌కు 16 బైట్లే అన్నాను కదా, మనకు అది ఇంకా ఇరుకు. తెలుగు అక్షరాలకు ఒక్కో గుర్తుకు మూడు బైట్లు పడతాయి. వత్తులు, గుణింతాలు కూడా విడి గుర్తులే. "కడప" అని పెడితే 9 బైట్లు, బాగానే పడుతుంది. "పెళ్లి" అని పెడితే ప, ఎత్వం, ళ, పొల్లు, ల, గుడి, మొత్తం ఆరు గుర్తులు, 18 బైట్లు. పట్టదు. చివరి గుర్తు మధ్యలో తెగి చెత్త బైటు మిగులుతుంది, తర్వాత లేబుల్‌తో వెతికితే దొరకదు. కాబట్టి లేబుళ్లు చిన్న ఇంగ్లిషు అక్షరాల్లో, ఖాళీలు లేకుండా పెట్టుకో. ఎక్స్‌ఎఫ్‌ఎస్‌లో (లినక్స్‌లో ఇంకో రకం ఫైల్‌సిస్టమ్) అయితే 12, ఫ్యాట్‌లో 11 వరకే. తెలుగులోనే పెట్టుకోవాలని ఉంటే జీపీటీ పార్ట్‌లేబుల్‌లో 36 గుర్తుల దాకా చోటుంది, తెలుగు గుర్తు అక్కడ ఒకటిగానే లెక్క, "పెళ్లిళ్లు" హాయిగా పడుతుంది.

లేబుల్ పెట్టడానికి ఈఎక్స్‌టీ4కు ఈ2లేబుల్. డిస్కు పేరు ఇచ్చి పక్కన లేబుల్ రాస్తే చాలు, మౌంట్‌లో ఉన్నా మారుతుంది. ఎక్స్‌ఎఫ్‌ఎస్‌కు ఎక్స్‌ఎఫ్‌ఎస్_అడ్మిన్, అన్‌మౌంట్ చేసి మార్చాలి. ఫ్యాట్‌కు ఫ్యాట్‌లేబుల్. స్వాప్‌కు (మెమరీ చాలనప్పుడు వాడుకునే డిస్కు భాగం) స్వాప్‌లేబుల్.

లేబుల్ పెట్టుకోమని ఇంతగా చెప్పడానికి కారణం ఉంది. 2009 అక్టోబరు 2న కర్నూలులోకి నీళ్లొచ్చాయి. తుంగభద్ర, హంద్రీ రెండూ ఊళ్లోకి వచ్చిన రోజు. నేను అప్పుడు ఒక ఆఫీసు సర్వర్లు చూసుకునేవాణ్ని. నీళ్లు గుమ్మం దాకా వచ్చేసరికి అక్కడి కుర్రాళ్లు కేబినెట్లు విప్పి, హార్డ్ డిస్కులన్నీ ఊడబీకి, గోనెసంచిలో వేసుకుని మిద్దె మీదకు ఎక్కించారు. వాళ్లు చేసిన పని వల్లే డేటా మిగిలింది. కానీ వారం తర్వాత ఆ సంచి నా ముందు గుమ్మరించేసరికి పదకొండు డిస్కులు, ఆరు మెషిన్లవి. వానకు తడిసి చేత్తో రాసిన స్టిక్కర్లు చెదిరిపోయాయి. ఏది ఎవరిదో తెలియదు. ఒక్కో డిస్కునూ తుడిచి, ఆరబెట్టి, వేరే మెషిన్‌కు తగిలించి బీఎల్‌కేఐడీ (యూయూఐడీ, లేబుల్ చూపించే కమాండ్) కొట్టాను, ఎల్‌ఎస్‌బీఎల్‌కే అప్పటికి ఇంకా రాలేదు. సిస్టమ్ డిస్కులు ఆరూ ముందు తేలాయి. వాటిని చదవడానికి మాత్రమే మౌంట్ చేసి ఎఫ్‌ఎస్‌ట్యాబ్ తెరిచి చూస్తే, చాలా మెషిన్లకు ఏ డేటా డిస్కు కావాలో యూయూఐడీ రాసి ఉంది. నాలుగు డిస్కులు అట్లా వాటి ఇళ్లకు చేరాయి. పదకొండోది ఎవరో పాత పద్ధతిలో ఎస్‌డీబీ1 అని రాసుకున్న మెషిన్‌ది. లేబుల్ లేదు, యూయూఐడీ ఎక్కడా రాసి లేదు. లోపలి ఫైళ్లు ఒక్కొక్కటీ తెరిచి చూసి, అది జీతాల లెక్క అని తేల్చడానికి రెండు రోజులు పట్టింది. జీతాల కోసం ఎదురుచూస్తున్న మనుషులు బయట కూర్చుని ఉంటే ఆ రెండు రోజులు నాకెట్లా గడిచాయో నాకే తెలుసు. అప్పటి నుంచి లేబుల్ పెట్టని డిస్కును నేను మెషిన్‌లో బిగించను.

సరే, కమాండ్ లైన్‌లో వెతకడం. నీ దగ్గర యూయూఐడీ ఉంది, అది ఇప్పుడు ఏ పేరుతో కూర్చుందో తెలియాలి. దానికి సూటైన కమాండ్ ఫైండ్‌ఎఫ్‌ఎస్:

ఫైండ్‌ఎఫ్‌ఎస్ లేబుల్=స్టూడియో

అని కొడితే /డెవ్/ఎస్‌డీసీ1 అని ఒక్క లైను వస్తుంది, ఇంకేమీ రాదు. లేబుల్ చోట యూయూఐడీ, పార్ట్‌యూయూఐడీ, పార్ట్‌లేబుల్ ఏదైనా పెట్టొచ్చు. ఆ నాలుగు మాటలూ పెద్దక్షరాల్లో ఉండాలి, ఈక్వల్‌టు గుర్తుకు అటూ ఇటూ ఖాళీ ఉండకూడదు. దొరికితే ఎగ్జిట్ కోడ్ (కమాండ్ ముగిశాక ఫలితంగా ఇచ్చే నంబరు) 0. దొరక్కపోతే 1. వాడకంలో తప్పుంటే 2. స్క్రిప్టులో దీని విలువ ఆ ఎగ్జిట్ కోడ్‌లోనే ఉంది. దొరకలేదంటే స్క్రిప్టు అక్కడికక్కడ ఆగిపోవాలి.

బీఎల్‌కేఐడీతోనూ ఇదే పని అవుతుంది. పెద్ద ఎల్ ఇచ్చి లేబుల్, పెద్ద యూ ఇచ్చి యూయూఐడీ రాస్తే డిస్కు పేరు చెబుతుంది. "బీఎల్‌కేఐడీలో ఒకటి, ఎల్‌ఎస్‌బీఎల్‌కేలో ఒకటి కనబడుతోంది" అన్నావు. దానికి కారణం ఇది. ఎల్‌ఎస్‌బీఎల్‌కే డిస్కును స్వయంగా చదవదు, యూడెవ్ (తగిలిన డిస్కుల వివరాలు చూసుకునే సిస్టమ్ ప్రోగ్రాం) తన దగ్గర రాసి పెట్టుకున్నది చూపిస్తుంది. బీఎల్‌కేఐడీని రూట్ కాకుండా నడిపితే తన పాత క్యాష్‌లో (ముందు దాచి పెట్టుకున్న నకలు) ఉన్నది చూపిస్తుంది, అది నిజమో కాదో తనిఖీ చేయలేదు. నువ్వు ఈ మధ్య ఏదైనా ఫార్మాట్ చేసి ఉంటే పాత నంబరే చూపిస్తూ ఉండొచ్చు. అనుమానం వచ్చినప్పుడు సుడోతో (రూట్‌గా నడిపించే కమాండ్) బీఎల్‌కేఐడీ -పీ ఇచ్చి డిస్కు పేరు రాయి. అది క్యాష్ పక్కన పెట్టి నేరుగా డిస్కులోంచి చదివి చెబుతుంది. నేను గొడవ తేల్చుకోవాల్సి వస్తే ఆ జవాబునే నమ్ముతాను.

అదే సమాచారం ఫైళ్ల రూపంలో కూడా ఉంటుంది. /డెవ్/డిస్క్/ కింద చూడు, బై-యూయూఐడీ, బై-లేబుల్, బై-పార్ట్‌యూయూఐడీ, బై-ఐడీ, బై-పాత్ అనే ఫోల్డర్లుంటాయి. ఒక్కోదాంట్లో లింకులు. ఎల్ఎస్ -ఎల్ కొడితే ఎడమ పక్క గుర్తింపు, కుడి పక్క ఇవాళ్టి పేరు. బై-ఐడీలో తయారీ మోడల్, సీరియల్ నంబరుతో ఉంటుంది, పార్టిషన్ కూడా లేని కొత్త డిస్కును పట్టుకోవడానికి అదొక్కటే సరైన దారి. ఎంకేఎఫ్‌ఎస్ కానీ డీడీ కానీ కొట్టేటప్పుడు నేను ఎస్‌డీసీ అని రాయను, బై-ఐడీ లింకు పూర్తిగా రాస్తాను. సీరియల్ నంబరు కళ్ల ముందు కనబడుతుంటే చెయ్యి తప్పు డిస్కు మీదకు పోదు. యూఎస్‌బీ డాక్‌లో పెట్టినప్పుడు మాత్రం జాగ్రత్త. కొన్ని డాక్‌లు డిస్కు సీరియల్ బదులు తమ సొంత నంబరే చూపిస్తాయి. బై-పాత్‌లో ఉండేది పోర్టు చిరునామా, కేబుల్ మారిస్తే అదీ మారుతుంది, ఈ పనికి వాడొద్దు.

ఎఫ్‌ఎస్‌ట్యాబ్‌లో మార్పు చిన్నదే. మొదటి గడిలో /డెవ్/ఎస్‌డీబీ1 ఉన్న చోట యూయూఐడీ= అని రాసి నంబరు అతికించు. చేత్తో టైప్ చేయకు, కాపీ చెయ్. ఆప్షన్లలో డిఫాల్ట్స్ పక్కన కామా పెట్టి నోఫెయిల్ అని చేర్చు. అది లేకపోతే డిస్కు కనబడని రోజు మెషిన్ 90 సెకన్లు ఎదురుచూసి ఎమర్జెన్సీ మోడ్‌లో పడుతుంది, పొద్దున్నే కస్టమర్లు వచ్చేసరికి నువ్వు నల్లతెర ముందు కూర్చోవాలి. సేవ్ చేశాక సిస్టమ్‌సీటీఎల్ డీమన్-రీలోడ్ (మారిన ఎఫ్‌ఎస్‌ట్యాబ్‌ను మళ్లీ చదవమనడం), తర్వాత ఫైండ్‌మౌంట్ --వెరిఫై. ఎఫ్‌ఎస్‌ట్యాబ్‌లో తప్పుంటే రీబూట్ దాకా పోకుండానే ఇక్కడే చెబుతుంది.

నోఫెయిల్ పెట్టాక ఇంకో ప్రమాదం తలెత్తుతుంది, దాన్ని మూయకుండా వదలొద్దు. పెళ్లిళ్ల డిస్కు మౌంట్ కాలేదనుకో. ఆ ఫోల్డరు ఖాళీగా ఉంటుంది. ఆర్‌సింక్ ఖాళీ ఫోల్డరును అసలు అనుకుని, డిలీట్ ఆప్షన్‌తో బ్యాకప్ మొత్తం ఊడ్చేస్తుంది. బ్యాకప్ డిస్కు మౌంట్ కాకపోతే ఫొటోలన్నీ సిస్టమ్ ఎస్‌ఎస్‌డీలో పోసి దాన్ని నింపేస్తుంది. అందుకని ఆర్‌సింక్‌కు ముందు స్క్రిప్టులో రెండు మౌంట్ పాయింట్లకూ ఇది అడిగించు:

ఫైండ్‌మౌంట్ -ఎన్ -ఓ యూయూఐడీ -ఎం /బ్యాకప్

ఎం పెద్దక్షరం. అక్కడ ఇప్పుడు మౌంట్ అయి ఉన్నది ఏ యూయూఐడీయో చెబుతుంది, ఏమీ మౌంట్ కాకపోతే ఖాళీ. వచ్చింది నువ్వు స్క్రిప్టు పైన రాసుకున్న నంబరుతో సరిపోకపోతే ఎగ్జిట్ 1 కొట్టి బయటపడాలి. ఏదో ఒకటి మౌంట్ అయి ఉంటే చాలదు, అక్కడ ఉండాల్సిందే ఉండాలి. ఈ రెండు లైన్లు ఆ రాత్రి ఉండి ఉంటే నీ షూట్ పోయేది కాదు. దీనికి తోడు, డిస్కులు అన్‌మౌంట్ చేసి ఉన్నప్పుడు ఆ రెండు ఖాళీ ఫోల్డర్లకూ సీహెచ్‌ఏటీటీఆర్ +ఐ పెట్టు. డిస్కు లేనప్పుడు రూట్ కూడా అందులో ఏమీ రాయలేడు, డిస్కు మౌంట్ అయ్యాక మామూలుగా పనిచేస్తుంది.

ఇక డీడీ క్లోన్. కొట్టొచ్చు, కానీ కొట్టిన తర్వాత రెండు డిస్కులనూ ఒకే మెషిన్‌లో వదిలేయకూడదు. 1128వ బైటు దగ్గర యూయూఐడీ చూశావు కదా, డీడీ ఆ 16 బైట్లనూ అట్లాగే దించేస్తుంది. ఇప్పుడు రెండు ఇళ్లకు ఒకటే డోర్ నంబరు. పోస్ట్‌మన్ ఏ ఇంట్లో ఉత్తరం వేస్తాడో అతనికే తెలియాలి. బై-యూయూఐడీలో లింకు ఒక్కటే ఉంటుంది, అది రెండింట్లో ఒకదానికే చూపిస్తుంది. ఫైండ్‌ఎఫ్‌ఎస్ కూడా ఒకటే చెబుతుంది, రెండోది ఉందని హెచ్చరించదు. ఎక్స్‌ఎఫ్‌ఎస్ అయితే రెండోదాన్ని మౌంట్ చేయనని మొరాయిస్తుంది, అది మంచి లక్షణం. ఈఎక్స్‌టీ4 నోరెత్తదు. బీటీఆర్‌ఎఫ్‌ఎస్‌లో ఇది మరీ ప్రమాదం, ఒకే యూయూఐడీ ఉన్న డిస్కులను అది ఒకే ఫైల్‌సిస్టమ్ ముక్కలు అనుకుంటుంది కాబట్టి డేటానే పాడు కావచ్చు. పైన చెప్పిన ఫైండ్‌మౌంట్ కాపలా కూడా ఇక్కడ మోసపోతుంది, ఎందుకంటే నంబరు సరిపోతుంది.

క్లోన్ అయిన వెంటనే కొత్త దాని నంబరు మార్చాలి. పాత డిస్కు కేబుల్ తీసేసి, కొత్తది అన్‌మౌంట్‌లో ఉంచి, ఈఎక్స్‌టీ4కు ముందు ఈ2ఎఫ్‌ఎస్‌సీకే -ఎఫ్, తర్వాత ట్యూన్2ఎఫ్‌ఎస్ -యూ ర్యాండమ్. యూ పెద్దక్షరం. ముందు చెక్ చేయకపోతే అదే ఆగి చెక్ చేసి రమ్మంటుంది. ఎక్స్‌ఎఫ్‌ఎస్‌కు ఎక్స్‌ఎఫ్‌ఎస్_అడ్మిన్ -యూ జనరేట్. డిస్కు మొత్తాన్ని క్లోన్ చేసి ఉంటే పార్ట్‌యూయూఐడీలు కూడా కాపీ అయి ఉంటాయి, వాటికి ఎస్‌జీడిస్క్ -జీ, జీ పెద్దక్షరం. లేబుల్ మార్చడం మరిచిపోకు. మెషిన్‌లో ఎక్కడైనా డూప్లికేట్లు మిగిలాయేమో చూడటానికి:

ఎల్‌ఎస్‌బీఎల్‌కే -ఎన్ -ఓ యూయూఐడీ | సార్ట్ | యూనిక్ -డీ

ఖాళీ లైను వస్తే పట్టించుకోకు. నంబరు వస్తే డూప్లికేట్ ఉన్నట్టే. రెయిడ్ (కొన్ని డిస్కులను కలిపి ఒకటిగా వాడడం) పెట్టుకున్న వాళ్లకు మాత్రం సభ్య డిస్కులన్నీ ఒకటే యూయూఐడీ చూపించడం మామూలే.

అయినా నీ అవసరానికి డీడీ ఎందుకు? 4 టీబీ ఖాళీ చోటుతో సహా దించుతూ గంటల తరబడి కూర్చోవాలి. కొత్త డిస్కును శుభ్రంగా ఫార్మాట్ చేసి, దాని సొంత యూయూఐడీ, సొంత లేబుల్ పెట్టి, ఆర్‌సింక్‌తో నింపడమే నేను చేసే పని. డీడీ లాంటిది చేయాల్సి వచ్చేది చెడిపోతున్న డిస్కును కాపాడుకోవాల్సినప్పుడే, అప్పుడు కూడా డీడీరెస్క్యూ మేలు.

స్వాప్ గురించి ఒక్క మాట. ఎంకేస్వాప్ కొట్టిన ప్రతిసారీ స్వాప్‌కు కొత్త యూయూఐడీ పడుతుంది. ఎఫ్‌ఎస్‌ట్యాబ్‌లో పాతది ఉంటే బూట్ 90 సెకన్లు ఆగుతుంది. "నా మెషిన్ స్లో అయింది" అని వచ్చిన మెషిన్లు కొన్నింట్లో నేను చూసిన జబ్బు ఇదే.

అంతా రాశాక, క్రాన్ తెరిచే ముందు ఒక పరీక్ష చెయ్. రికవరీ అంతా అయిపోయాక మాత్రమే. మెషిన్ ఆపి, రెండు పెద్ద డిస్కుల ఎస్‌ఏటీఏ కేబుళ్లు మదర్‌బోర్డు దగ్గర ఒకదాని చోట ఒకటి మార్చి గుచ్చు. బూట్ చేసి ఎల్‌ఎస్‌బీఎల్‌కే చూడు. పేర్లు తారుమారైనా పెళ్లిళ్ల డిస్కు పెళ్లిళ్ల చోటే, బ్యాకప్ బ్యాకప్ చోటే మౌంట్ అయి ఉండాలి. తర్వాత మళ్లీ ఆపి, బ్యాకప్ డిస్కు కేబుల్ పూర్తిగా తీసేసి బూట్ చేసి, ఆర్‌సింక్ లైనుకు డ్రై-రన్ ఆప్షన్ (నిజంగా ఏమీ మార్చకుండా ఉత్తుత్తిగా నడిపేది) తగిలించి స్క్రిప్టును చేత్తో నడుపు. ఆర్‌సింక్ దాకా పోకుండానే ఎగ్జిట్ 1తో ఆగిందంటే కేబుల్ మళ్లీ పెట్టి, డ్రై-రన్ తీసేసి, క్రాన్ లైను ముందున్న హాష్ తీసెయ్. ఆగకపోతే ఆ స్క్రిప్టు, ఎల్‌ఎస్‌బీఎల్‌కే వచ్చింది వచ్చినట్టు రెండూ ఇక్కడ పెట్టు, చూస్తాను.